ఇంజన్‌కు పట్టింపు లేదు

త్రిపురారంలో మా మిత్రుడి ఇంటి ముందు, వేపచెట్టు కింద ఒక మారుతి 800 ఉంటుంది. కార్బురేటర్ కాలం నాటి బండి. పదిహేనేళ్లు దాటాక ఫిట్‌నెస్ చేయించి, ఆర్‌సీ రెన్యువల్ చేయించి నడుపుతున్నాడు గానీ, అమ్మే మాట ఎత్తితే మాత్రం ఊరుకోడు. వాళ్ల నాన్న కొన్న బండి మరి. మిర్యాలగూడ పోవాలన్నా అదే, హాలియా పోవాలన్నా అదే. ఒక శుక్రవారం రాత్రి ఫోన్ చేసి, "పెట్రోలు పోసుడు నా వల్ల అయితలేదురా. గ్యాస్ కిట్టు పెట్టిస్తున్న. రేపు బండి ఇస్తే ఎల్లుండి సాయంత్రానికి ఇస్తనన్నడు. నువ్వు కూడా రా, ఆ సైన్సేందో చెబుదువు" అన్నాడు. మా ఇంకో దోస్తు మిర్యాలగూడలోనే రైసుమిల్లు బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. శని, ఆదివారాలు ముగ్గురం కిట్టు బిగించే షెడ్డులోనే ఉన్నాం. మెకానిక్‌కు మా ప్రశ్నలతో విసుగు తెప్పించామేమో గానీ, టీలు మాత్రం మేమే తెప్పించాం.

బానెట్ ఎత్తగానే మా వాడికి గుండె జారింది. ఇంజన్ మొత్తం విప్పుతారేమో అనుకున్నాడు. మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఒకటి తీసి పక్కన పెట్టాడు, అంతే. పిస్టన్లు ముట్టుకోలేదు, వాల్వులు ముట్టుకోలేదు. పని అంతా ఇంజన్ మూతి దగ్గర, డిక్కీలో, బండి కింద. పెట్రోలు తాగే ఇంజన్‌ను గ్యాసు పీల్చే ఇంజన్‌గా మార్చడానికి ఇంజన్‌ను మార్చనక్కర్లేదు. ఎందుకంటే అది పుట్టిందే గ్యాసు మీద. 1860లో ఎతియెన్ లెన్వార్ పారిస్‌లో నడిపిన ఇంజన్, 1876లో నికొలౌస్ ఆటో తయారుచేసిన నాలుగు స్ట్రోకుల ఇంజన్, రెండూ బొగ్గు నుంచి తీసిన వాయువుతో తిరిగినవే. ఆ రోజుల్లో యూరప్ నగరాల్లో వీధిదీపాలకు గొట్టాల్లో వచ్చే గ్యాసు అది. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు తీసుకున్న మూడు చక్రాల బండికి ద్రవ ఇంధనం వచ్చింది. దాన్ని అప్పట్లో మందుల షాపుల్లో అమ్మేవారు. అలా చూస్తే గ్యాసుకు మారిన కారు పుట్టింటికి పోయినట్టే.

మరి పుట్టిల్లు వదిలి ఎందుకొచ్చింది? మోసుకుపోవడం కుదరక. లీటరు పెట్రోలులో ఎంత శక్తి ఉందో అంతే శక్తి మామూలు పీడనం దగ్గర సహజవాయువులో కావాలంటే సుమారు 900 లీటర్ల వాయువు పడుతుంది. మా వాడు హైదరాబాదు పోవడానికి పది లీటర్లు పోయించుకుంటాడు. ఆ పది లీటర్లకు బదులు గ్యాసు తీసుకుపోవాలంటే ట్రాక్టర్ వెనక తగిలించే 5 వేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు రెండు లాక్కుపోవాలి. కారు ఏదైనా, దేశం ఏదైనా, గ్యాసు బండి చరిత్ర అంతా ఈ ఒక్క చిక్కు చుట్టూనే తిరిగింది. ఇంజన్‌కు పట్టింపు లేదు, ఏది ఇచ్చినా కాలుస్తుంది. పట్టి ఉంచడమే కష్టం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండులో బస్సుల నెత్తిన పెద్ద పరుపు లాంటి గ్యాసు సంచులు కట్టి నడిపారు. ఆ ఫొటోలు చూస్తే పెళ్లివారి బస్సు మీద పరుపుల మూటలు గుర్తొస్తాయి.

మా వాడు ఎంచుకున్నది ఎల్‌పీజీ. వంటింట్లో ఉండేదే, ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన వాయువు. దీని గొప్పతనమంతా మొండితనం లేకపోవడంలో ఉంది. మామూలు వేడిలో వాతావరణ పీడనానికి ఐదారు రెట్లు పెడితే చాలు, ద్రవమైపోతుంది. వాయువుగా ఉన్నప్పుడు ఆక్రమించే చోటులో 250వ వంతులోకి ముడుచుకుంటుంది. అందుకే డిక్కీలో స్టెప్నీ పక్కన బిగించిన చిన్న ట్యాంకులో వందల కిలోమీటర్లకు సరిపడా గ్యాసు పడుతుంది. ఆ ట్యాంకు నుంచి బండి అడుగున సన్నటి రాగి గొట్టం ముందుకు వస్తుంది. అందులో వచ్చేది గ్యాసు కాదు, ద్రవమే. దాన్ని మళ్లీ గ్యాసు చేయాలి. ఆ పని చేసే అల్యూమినియం డబ్బాను షెడ్డులో అందరూ రిడ్యూసర్ అంటున్నారు, కొందరు వేపరైజర్ అంటున్నారు.

మెకానిక్ రేడియేటర్ నీళ్లు తిరిగే గొట్టాన్ని కోసి, ఒక పాయ ఈ డబ్బాకు కలిపాడు. "నీళ్లెందుకురా దీనికి?" అన్నాడు మా వాడు, తన కొత్త గొట్టం కోసినందుకు బాధగా. బాయిలర్ దోస్తు నవ్వాడు. "పెళ్లిళ్ల వంటలు ఎన్నడు చూడలేదారా?" 

వాడన్నది నిజం. వెయ్యి మందికి వంట చేసేటప్పుడు పెద్ద పొయ్యిలు రెండు మూడు ఒకేసారి మండిస్తే 19 కిలోల సిలిండర్‌కు చెమట పడుతుంది, ఆ తర్వాత అడుగున మంచు పేరుకుంటుంది, మంట చిన్నదవుతుంది. గ్యాసు అయిపోలేదు, సిలిండర్ చల్లబడిపోయింది. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి. బయటి నుంచి దొరక్కపోతే తన ఒంట్లోని వేడినే తీసుకుంటుంది. వంటవాళ్లు సిలిండర్‌ను గోరువెచ్చటి నీళ్ల గంగాళంలో నిలబెడతారు, మంట మళ్లీ లేస్తుంది. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే మరగడం ఆగిపోతుంది, ప్రొపేన్ అయితే మైనస్ 42 దాకా మరుగుతుంది. కారులోని రిడ్యూసర్‌కు రేడియేటర్ నీళ్లు ఆ గంగాళం అన్నమాట. నీళ్లు వేడెక్కకముందే గ్యాసు మీద నడిపితే డబ్బా లోపల గడ్డకట్టి ఇంజన్ ఆగిపోతుంది. కాబట్టే పొద్దున్నే బండి పెట్రోలు మీద స్టార్ట్ చేసి, కాస్త దూరం పోయాక గ్యాసుకు మార్చమంటారు. కొత్త కార్లలో కంప్యూటరే నీళ్ల వేడి చూసి మార్చేస్తుంది. మా వాడి బండిలో డాష్‌బోర్డు మీద మూడు స్థానాల స్విచ్చు ఒకటి బిగించారు. ఒక వైపు పెట్రోలు, ఇంకో వైపు గ్యాసు, మధ్యలో ఏదీ కాదు. కార్బురేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలు తాగేసేదాకా మధ్యలో ఉంచి, ఇంజన్ దగ్గడం మొదలుపెట్టగానే గ్యాసు వైపు తిప్పాలి. ఆ క్షణం పట్టుకోవడం మా వాడికి వారం పట్టింది.

రిడ్యూసర్ చేసే పని ఇంకొకటుంది. వంటింటి రెగ్యులేటర్ పొయ్యి నాబ్ తిప్పగానే సన్నటి ఒత్తిడితో గ్యాసును బయటికి నెడుతూనే ఉంటుంది. కారుది అలా కాదు. అడిగితేనే ఇస్తుంది. ఇంజన్ గాలి పీల్చినప్పుడు పుట్టే చిన్న శూన్యం లోపలి రబ్బరు పొరను లాగితేనే వాల్వు తెరుచుకుంటుంది. ఇంజన్ ఆగితే పీల్చుడు ఆగుతుంది, గ్యాసూ ఆగుతుంది. దానికి తోడు కరెంటు ఉంటే తెరుచుకుని, పోతే మూసుకునే సోలినాయిడ్ వాల్వు ఒకటి. తాళంచెవి తిప్పి ఆపేయగానే ‘టక్’మని అది మూసుకున్న చప్పుడు బానెట్ కింద నుంచి వినిపిస్తుంది. ఆ టక్ వినడం అలవాటు చేసుకొమ్మని మెకానిక్ చెప్పాడు. మంచి సలహా.

చివరగా కార్బురేటర్ నెత్తిన మిక్సర్ అనే కంకణం. మధ్యలో సన్నబడిన దారి, దాని చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు. గాలి ఇరుకు దారిలో వేగంగా పోతే అక్కడ ఒత్తిడి పడిపోతుంది, ఆ ఒత్తిడి పడిపోయిన చోటుకు గ్యాసు తనంతట తానే వచ్చి కలుస్తుంది. కార్బురేటర్ పెట్రోలును లాగేదీ ఈ కిటుకుతోనే. ఇంజెక్టర్లున్న కొత్త బండ్లలో దీని బదులు గ్యాసు ఇంజెక్టర్లు పెడతారు. కిట్టులోని కంప్యూటరు, పెట్రోలు ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకోవాలని బండి కంప్యూటరు చెప్పిందో విని, లెక్క మార్చి, గ్యాసు ఇంజెక్టర్‌ను ఆ లెక్క ప్రకారం తెరుస్తుంది. చెప్పేది పాత కంప్యూటరే, చేసే చేతులు మారాయి.

శనివారం సాయంత్రం నేను కాగితం మీద ఒక లెక్క వేశాను. గ్యాసు పెడితే పికప్ ఎందుకు తగ్గుతుందని మా వాడు పది మందిని అడిగాడు, పది జవాబులొచ్చాయి. అసలు జవాబు బండి పేరులోనే ఉంది. మారుతి 800 ఇంజన్ నిజానికి 796 సీసీ, మూడు సిలిండర్లు. అంటే ఒక్కో సిలిండర్ ఒక్క గుక్కలో 265 సీసీలు పీలుస్తుంది. అది ఊపిరితిత్తి అనుకోండి. ఆ గుక్కలో గాలీ ఇంధనమూ రెండూ పట్టాలి. పెట్రోలు ఆవిరి అణువులు పెద్దవి, బరువైనవి. పూర్తిగా మండడానికి కావలసిన పెట్రోలు ఆవిరి ఆ గుక్కలో ఐదు సీసీలకు మించదు, మిగతా 260 గాలే. ఎల్‌పీజీ అయితే పది సీసీలు కావాలి. మీథేన్, అంటే సీఎన్‌జీ అయితే పాతిక సీసీలు. ఇంధనం ఆక్రమించిన మేర గాలి తగ్గుతుంది, గాలి తగ్గితే మంట తగ్గుతుంది, మంట తగ్గితే ఎత్తు మీద బండి గునుస్తుంది. దీనికి తోడు పెట్రోలు బొట్లు ఆవిరవుతూ లోపలికొచ్చే గాలిని చల్లబరుస్తాయి. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, ఎక్కువ పడుతుంది. గ్యాసు అప్పటికే ఆవిరైపోయి వస్తుంది కనుక ఆ లాభమూ లేదు. ఎల్‌పీజీకి పోయే బలం తక్కువే, సీఎన్‌జీకి పదిహేను శాతం దాకా పోతుంది. 265 సీసీల లెక్క చెప్పాక మా వాడు ఇంకెవర్నీ అడగలేదు.

ఆ రాత్రి రైసుమిల్లుకు పోయాం. మిర్యాలగూడ రైసుమిల్లుల సంగతి కొత్తగా చెప్పేదేముంది, సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారిన కాడి నుంచి ఈ ప్రాంతమంతా వడ్ల మీదే బతుకుతోంది. వంద కిలోల వడ్లు ఆడిస్తే ఇరవై కిలోలు ఊక వస్తుంది. ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడికించే ఆవిరి అంతా ఆ ఊక కాల్చే తయారుచేస్తారు. మా బాయిలర్ దోస్తు పొయ్యి తలుపు తీసి చూపించి, "గీ ఊకతోని కారు నడవదా?" అన్నాడు. వెటకారం అనుకున్నాం గానీ, ఆ ప్రశ్న అడగాల్సిందే. ఎందుకంటే ఒకప్పుడు దాదాపు అలాగే నడిచాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషన్ వచ్చింది. దేశంలో బస్సుల వెనక నిలువెత్తు ఇనప పొయ్యిలు వెలిశాయి. తెలుగునాట వాటికి బొగ్గు బస్సులని పేరు. పాతవాళ్లు ఇప్పటికీ చెబుతారు, క్లీనర్ ముందుగా లేచి బొగ్గు పోసి, ఫ్యాన్ హ్యాండిల్ తిప్పి తిప్పి పొయ్యి రాజేస్తే గానీ బస్సు కదిలేది కాదని, ఎత్తు వస్తే జనం దిగి తోసేవారని. ఆ బస్సు బొగ్గుతో ఆవిరి రైలులా నడిచిందనుకుంటారు చాలామంది. కాదు. అది గ్యాసు బండే. గ్యాసును మోసుకుపోవడం కుదరనప్పుడు, దారిలోనే తయారుచేసుకుంటూ పోయిన బండి.

ఎలా తయారవుతుందో చూడాలంటే బొగ్గుల కుంపటి రాజేయండి. బొగ్గు బాగా ఎర్రబడ్డాక పైన నీలంగా చిన్న చిన్న నాలుకలు ఆడతాయి. అది బొగ్గు మంట కాదు, కార్బన్ మోనాక్సైడ్ మంట. అడుగున గాలి తగిలిన చోట బొగ్గు కాలి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అది పైకి పోతూ ఎర్రటి బొగ్గుల మధ్య నుంచి దూరితే, బొగ్గు దాని ఆక్సిజన్‌లో సగం లాక్కుంటుంది, మోనాక్సైడ్ మిగులుతుంది. పైకొచ్చి మళ్లీ గాలి తగలగానే నీలంగా మండుతుంది. బొగ్గు బస్సు పొయ్యి మూత బిగించిన కుంపటి. పైన గాలి తగలనివ్వకుండా ఆ మోనాక్సైడ్‌ను గొట్టంలో పట్టి, చల్లార్చి, వడగట్టి ఇంజన్‌కు పంపుతారు. కాసిన్ని నీళ్లు చిలకరిస్తే హైడ్రోజన్ కూడా తోడవుతుంది. బొగ్గు లేకపోతే కట్టె ముక్కలతోనే నడిచే పొయ్యిని 1920ల్లో ఫ్రాన్సులో జార్జ్ ఇంబర్ట్ రూపొందించాడు. కట్టె నుంచి వచ్చే తారును ఎర్రటి నిప్పుల గుండా పోనిచ్చి కాల్చేయడం అందులోని తెలివి. యుద్ధకాలంలో జర్మనీలో సుమారు 5 లక్షల వాహనాలు, స్వీడన్‌లో 70 వేలకు పైగా ఇలా నడిచాయి. లీటరు పెట్రోలు చేసే పనికి మూడు కిలోల ఎండు కట్టె అయ్యేది.

జనం దిగి ఎందుకు తోయాల్సి వచ్చిందో 265 సీసీల లెక్కే చెబుతుంది. ఈ గ్యాసులో సగం నైట్రోజన్, పొయ్యిలోకి పోయిన గాలిలోది అలాగే వచ్చేస్తుంది. మండేది తక్కువ. అందుకని గుక్కలో ఐదు కాదు, పది కాదు, 130 సీసీలు గ్యాసుకే ఇవ్వాలి. సగం గుక్క పోయింది. ఇంజన్ బలంలో మూడో వంతుకు పైగా పోతుంది. ఎత్తు వస్తే ఏంచేస్తుంది పాపం.

ఇక ఊక. ఊకకు రెండు రోగాలు. తేలిక, బుట్టెడు పోసినా బరువుండదు, పొయ్యిలో జారి కిందికి దిగదు, గూడు కడుతుంది. రెండోది బూడిద. ఊకలో అయిదో వంతు బూడిదే, ఆ బూడిదలో నూటికి తొంభై పాళ్లు సిలికా, అంటే ఇసుక పదార్థం. వేడి ఎక్కువైతే కరిగి గట్టిపడి గాజు పెళ్లలా అంటుకుంటుంది. కదిలే బండిలో దాంతో వేగలేం. ఒకచోట కూర్చున్న ఇంజన్‌కైతే కుదిరింది. 2007లో బీహార్‌లోని చంపారన్‌లో కొందరు యువకులు ఊక గ్యాసుతో ఇంజన్ నడిపి ఊళ్లకు కరెంటు ఇచ్చారు, హస్క్ పవర్ అనే సంస్థ పెట్టారు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ముకుంద బృందం 1980ల నుంచి ఇలాంటి పొయ్యిల మీద పనిచేసింది. మా దోస్తుకు ఇదంతా చెబితే, "అయితే సర్కారు తుమ్మ బొగ్గుతో చేద్దాంరా, ఊరి చుట్టూ అదే" అన్నాడు. చేయొచ్చు. కానీ కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మూసిన షెడ్డులో ఆ సరదా తీర్చుకుంటే తెల్లారి లేచేవాళ్లుండరు. చలికాలం కుంపటి పెట్టుకుని తలుపులు బిగించుకుని పడుకున్న వాళ్ల సంగతి పేపర్లలో చదువుతూనే ఉంటాం.

ఆదివారం పొద్దున బండి మొదటిసారి గ్యాసు మీద స్టార్టయింది. చప్పుడు మెత్తబడింది. మా వాడు వెలిగిపోతున్న ముఖంతో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడు. ఢామ్! ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత ఎగిరి పక్కనున్న ఆటో టాపు మీద పడింది. షెడ్డు నిండా నిశ్శబ్దం. తర్వాత నవ్వులు. మెకానిక్ ఒక్కడే నవ్వలేదు. ప్లగ్గులు తీసి చూసి, "ఇవి ఎప్పుడు మార్చినవ్ అన్నా?" అన్నాడు. మా వాడికి గుర్తులేదు. 

జరిగింది ఇదీ. పాత ప్లగ్గు నిప్పు బలహీనంగా ఉంది. గ్యాసుకు గాలి పాలు ఇంకా సరిగా కుదరలేదు, పలచగా ఉంది. పలచటి మిశ్రమం నిదానంగా మండుతుంది. కొత్త గుక్క కోసం ఇన్‌టేక్ వాల్వు తెరుచుకునే వేళకూ సిలిండర్‌లో నిప్పు ఆరలేదు. అది వెనక్కి దూకింది. మిక్సర్ పద్ధతిలో ఇన్‌టేక్ గొట్టమంతా అప్పటికే మండే మిశ్రమంతో నిండి ఉంటుంది. అంటుకుంది. గ్యాసు ఇంజెక్టర్లున్న బండ్లలో వాల్వు గుమ్మం దగ్గరే గ్యాసు విడుస్తారు కనుక ఈ బెడద చాలా తక్కువ. కొత్త ప్లగ్గులు పడ్డాయి, ట్యూనింగ్ స్క్రూ పావు చుట్టు తిరిగింది, మళ్లీ ఢామ్ అనలేదు. గ్యాసు బండికి ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ పెట్రోలు బండి కన్నా ముందే చూసుకోవాలి. ఇంకో మాట, గ్యాసుతో వాల్వుల కుదుళ్లు పెట్రోలుతో కన్నా త్వరగా అరుగుతాయి. పొడిగా మండుతుంది కదా. వారానికి ఒకపూట పెట్రోలు మీద నడిపితే మంచిది, పెట్రోలు లైను ఎండిపోకుండానూ ఉంటుంది.

సీఎన్‌జీ ఎందుకు పెట్టించలేదని అడిగేవాళ్లుంటారు. మా వాడి డిక్కీకి సరిపోదు, అంతే. మీథేన్‌కు ప్రొపేన్ లాంటి మంచితనం లేదు. మామూలు వేడిలో ఎంత నొక్కినా ద్రవం కాదు, మామూలు పీడనం దగ్గర మైనస్ 161 డిగ్రీలకు చల్లారిస్తే గానీ లొంగదు. అందుకని వాయువుగానే 200 బార్ల దాకా అదుముతారు. కారు టైరులో ఉండే ఒత్తిడికి సుమారు 90 రెట్లు. దాన్ని తట్టుకునే ఉక్కు సిలిండర్ 60 లీటర్లదయితే దాని బరువే 60 కిలోల దాకా ఉంటుంది, ఒక మనిషిని ఎప్పుడూ డిక్కీలో ఎక్కించుకు తిరిగినట్టు. అందులో పట్టే గ్యాసు పది కిలోల లోపు. మన నల్లగొండ ఎండల్లో ఇంకా తక్కువ. గ్యాసును వేగంగా అదిమితే వేడెక్కుతుంది, వేడెక్కిన గ్యాసు తక్కువ బరువుతోనే 200 బార్లు చూపిస్తుంది. బంకువాడు మోసం చేశాడని మేలో గొడవపడే వాళ్లలో చాలామంది గొడవపడాల్సింది ఎండతో.

మైలేజీ లెక్కలోనూ ఒక మాయ ఉంది. "పెట్రోలుకు లీటరుకు 18 వస్తే, సీఎన్‌జీకి కిలోకు 26 వస్తుంది" అని మురిసిపోతారు. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో. కిలో సీఎన్‌జీలో లీటరు పెట్రోలులో ఉన్నదానికి ఒకటిన్నర రెట్లు శక్తి ఉంది. ఇంజన్ ఏమీ మారలేదు, తూకం మారింది. ఎల్‌పీజీకి తిరగేసి జరుగుతుంది, లీటరుకు ఐదో వంతు తక్కువ వస్తుంది. రూపాయికి ఎన్ని కిలోమీటర్లో చూడండి, అదొక్కటే నిజమైన లెక్క.

సీఎన్‌జీకి మనం కొత్తవాళ్లమేమీ కాదు. కృష్ణా గోదావరి డెల్టా కింద ఉన్నది ఆ వాయువే. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది, కోనసీమ వాళ్లు రాత్రుళ్లు దీపాలు లేకుండా తిరిగామని చెబుతారు. ఢిల్లీలో 1998లో సుప్రీంకోర్టు బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలని చెప్పాక దేశం ఆ వైపు చూసింది. 2003లో ఏర్పడిన భాగ్యనగర్ గ్యాస్ హైదరాబాదులోనూ విజయవాడలోనూ బండ్లకు పోయసాగింది. పొగ సంగతికొస్తే, అంతే శక్తికి మీథేన్ పెట్రోలు కన్నా నాలుగో వంతు తక్కువ కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది, మసి దాదాపు ఉండదు. కానీ కాలకుండా కారిపోయిన మీథేన్ వేడి పట్టడంలో కార్బన్ డయాక్సైడ్‌కు 28 రెట్లు. కారే గొట్టంతో తిరిగే బండి ఆకుపచ్చ స్టిక్కర్ అతికించుకున్నా పర్యావరణానికి మేలు చేసినట్టు కాదు.

ఆదివారం మధ్యాహ్నం మా వాడు మెల్లగా అసలు మాట బయటపెట్టాడు. "ఇంట్ల ఎర్ర బండ ఉంది కదా, తక్కువ పడుతది. గొట్టం పెట్టి దీంట్లకు ఎక్కిస్తే?" మెకానిక్ పని ఆపి, స్పానర్ కింద పెట్టి, "అట్లయితే బండి తీస్కపో అన్నా, మిగతాది బిగించ" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆ షెడ్డు మీద నాకు గౌరవం పెరిగింది.

ఎందుకో చెబుతాను. కారు ఎల్‌పీజీ ట్యాంకుకు మల్టీవాల్వు అనే మూతి ఉంటుంది. ట్యాంకు 80 శాతం నిండగానే లోపలి బెండు లేచి దారి మూసేస్తుంది. మిగతా 20 శాతం ఖాళీ ఎందుకంటే, ద్రవరూపంలోని ప్రొపేన్ వేడికి నీటి కన్నా పది రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. ఖాళీ లేకుండా నింపి ఎండలో పెడితే ఉబ్బడానికి చోటు లేక ఉక్కునే చీల్చుకుని వస్తుంది. గొట్టం తెగితే గ్యాసు ఎగజిమ్మకుండా తనే మూసుకునే వాల్వు ఇంకొకటి ఉంటుంది. వంటింటి సిలిండర్‌కు ఈ ఏర్పాట్లు ఉండవు, అది నిలబెట్టి వాడడానికి చేసింది, కదలకుండా. ఇంటి వెనక గొట్టం పెట్టి ఒకదాంట్లో నుంచి ఇంకోదాంట్లోకి ఎక్కించేటప్పుడు కారిన గ్యాసు గాలి కన్నా బరువు. పైకి పోదు, నేల మీద నీళ్లలా పరుచుకుని గుంటలో, మోరీలో చేరుతుంది. గాలిలో రెండు శాతం కలిస్తే చాలు అంటుకోవడానికి. సీఎన్‌జీ అయితే తేలిక, పైకి పోతుంది, అంటుకోవాలన్నా ఐదు శాతం కావాలి. ఎల్‌పీజీకి సహజంగా వాసన లేదు, ఇథైల్ మెర్కాప్టన్ కలిపి వాసన తెప్పిస్తారు. డిక్కీలో ఆ వాసన వస్తే స్విచ్చు ముట్టుకోవద్దు, తలుపులన్నీ తెరిచి దూరంగా నిలబడాలి.

2000 సంవత్సరం దాకా మన దేశంలో ఎల్‌పీజీతో బండి నడపడమే చట్టవిరుద్ధం. ఆ ఏడు మోటారు వాహనాల చట్టం సవరించారు, మరుసటి ఏడు దాని వాడకానికి నిబంధనలు వచ్చాయి. 2022 ఆగస్టులో బీఎస్-6 పెట్రోలు బండ్లకూ కిట్లు పెట్టుకోవచ్చన్నారు. ఎప్పుడైనా నియమం ఒకటే. ఏఆర్‌ఏఐ లాంటి సంస్థ పరీక్షించి ఆమోదించిన కిట్టు, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ఒప్పుకున్న సిలిండర్, కిట్టు కంపెనీ అనుమతి ఉన్న షెడ్డు. తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి, ఆర్‌సీలో ఇంధనం మార్చి రాయాలి, ఇన్సూరెన్సు వాళ్లకూ చెప్పాలి. చెప్పకపోతే ప్రమాదం జరిగిన రోజున వాళ్లకు అదొక సాకు. స్నేహితులు కలిసి వారాంతంలో ఎయిర్ ఫిల్టర్ మార్చుకోండి, ప్లగ్గులు మార్చుకోండి, రేడియేటర్ కడుక్కోండి. సిలిండర్ జోలికి మాత్రం పోవద్దు.

ఆదివారం పొద్దుగూకే వేళకు బండి తీసుకుని త్రిపురారం బయల్దేరాం. కాలువ గట్టు ఎక్కేటప్పుడు కాస్త గునిసింది. మా వాడు నావైపు చూసి, "పది సీసీలు" అన్నాడు.

సెకండ్‌హ్యాండ్‌లో గ్యాసు బండి కొనేవాళ్లకు ఒక మనవి. బానెట్ ఎత్తే ముందు డిక్కీ తెరవండి. సిలిండర్ మీదో, దానికి తగిలించిన రేకు మీదో పరీక్ష చేసిన నెల, సంవత్సరం చెక్కి ఉంటాయి. సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి, ఎల్‌పీజీ ట్యాంకుకు ఐదేళ్లకోసారి ఆ పరీక్ష జరగాలి. ఆ తేదీ దాటిపోయి ఉంటే, లేదా గీకేసి ఉంటే, బేరం అక్కడితో ఆపేయండి.